ఇంట్లో చదువుకునే టీనేజ్ పిల్లలు: ఏ సమస్యకు ఏం చేయాలి

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే హైదరాబాద్‌లో ఏ మెట్రో పిల్లర్ చూసినా ర్యాంకుల హోర్డింగులే. పక్కింటి పిల్లలు ఎంపీసీనా బైపీసీనా అని తేల్చుకుంటుంటే, హోంస్కూలింగ్ చేయిస్తున్న తల్లిదండ్రులకు గుండెల్లో రాయి పడుతుంది. ఏడో తరగతి ఈడు దాకా హాయిగా సాగిన చదువు 14, 15 ఏళ్లు వచ్చేసరికి ఒక్కసారిగా మొరాయిస్తుంది. నన్నడిగితే ఇందులో కంగారుపడాల్సింది తక్కువ. పిల్లలు ఎదిగారు, మన ఏర్పాట్లు మాత్రం పదేళ్లవాళ్లకు చేసినవే. కింద చెప్పే తిప్పల్లో సగానికి మూలం అదే.

పదకొండైనా మంచం దిగడు

ముందు బద్ధకమని తిట్టడం ఆపండి. యుక్తవయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా మొదలవుతుంది. పదింటికి పడుకోమంటే వాడికి నిద్ర రాదు, ఆరింటికి లేపితే మెలకువ రాదు. 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. బడి పిల్లలు బస్సు వస్తుందని తప్పక లేస్తారు, మనవాళ్లకు ఆ అవసరం లేదు.

కాబట్టి చదువు పదింటికి మొదలైనా కొంపలేం మునగవు. కానీ రాత్రి ఫోన్ హాల్లోనే చార్జింగ్‌లో ఉండాలి, మీదీ అక్కడే ఉండాలి. వారానికి రెండు మూడు రోజులు ఉదయం పూట బయటివాళ్లతో పని పెట్టండి. బ్యాడ్మింటన్ కావచ్చు, సంగీతం క్లాసు కావచ్చు. అమ్మ పది సార్లు పిలిచినా కదలనివాడు కోచ్ ఎదురుచూస్తుంటాడంటే లేస్తాడు.

ఏం చెప్పినా "బోర్" అంటుంది

బడి మానేసి ఇంకా కొన్ని నెలలే అయితే కొంతకాలం వదిలేయండి. బడి అలసట తీరాలి. ఏడాది దాటినా అదే మాటంటే, మీ డైనింగ్ టేబుల్ తరగతి గదిగా మారిందేమో చూసుకోండి. తొమ్మిదింటికి ఇంగ్లిష్, పదింటికి సైన్స్, మధ్యలో అమ్మే టీచర్, అమ్మే వార్డెన్. పద్నాలుగేళ్ల పిల్లకు ఇద్దరితోనూ గొడవే, పాపం అమ్మ మాత్రం దొరకదు.

ఆదివారం సాయంత్రం అరగంట కూర్చుని వారం ప్లాన్ ఆమెతోనే రాయించండి. అది ఇలా ఉంటే చాలు: "సోమ: త్రికోణమితి మొదటి అభ్యాసం. బుధ: లైబ్రరీ. గురు: సోషల్ అసైన్‌మెంట్ రెండు ప్రశ్నలు. మిగతా టైం: యానిమేషన్." శుక్రవారం దాకా దాని ఊసెత్తకండి. మొదటి రెండు వారాలు సగం పనులు మిగిలిపోతాయి. ఎందుకు మిగిలాయో ఆమెనే చెప్పనివ్వండి, తరువాతి వారం ప్లాన్ ఆమే చిన్నది చేసుకుంటుంది. అడగకుండా ఉండటం మనకే కష్టం, నిజం.

లెక్కల పుస్తకం తెరిస్తే చెమటలు

పదో తరగతి ట్యూషన్ వెతికే ముందు ఒక చిన్న పరీక్ష. 2/3కి 1/4 కలపమనండి. జవాబు 3/7 వస్తే జబ్బు పదో తరగతిలో లేదు, ఆరో తరగతిలో ఉంది. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపేశాడు. వెంటనే సరిదిద్దకండి. అదే పద్ధతిలో 1/2కి 1/2 కలపమనండి. 2/4 వస్తుంది, అంటే మళ్లీ అరే. రెండు అర చపాతీలు కలిపితే అర చపాతీయేనా అని అడిగితే వాడికే నవ్వొస్తుంది. కింది అంకెలు ఎందుకు సమానం చేయాలో అప్పుడు చెప్పండి, ఇంక మరిచిపోడు. (సరైన జవాబు 11/12.)

తరువాత ఆరు, ఏడు తరగతుల భిన్నాలు, రుణ సంఖ్యలు, ఎనిమిదిలో సమీకరణాలు వరుసగా చేయించండి. ఎదిగిన పిల్లాడు కదా, చిన్నప్పుడు ఏడాది పట్టిన పాఠం ఇప్పుడు వారాల్లో అయిపోతుంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితం. ఆరో తరగతి పుస్తకం పట్టుకోవడం నామోషీ అనుకుంటే అట్ట వేసేయండి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల బజారుకు పిల్లల్ని తీసుకెళ్లండి, తమకు కావలసింది వాళ్లే ఏరుకుంటారు. వీడియో పాఠాలకు టీ-శాట్ విద్య చానల్, స్వయం పోర్టల్ ఉన్నాయి. రెండూ ఉచితమే.

"సర్టిఫికెట్ ఎలా?" అని నిద్ర పట్టదు

అన్నిటికంటే ఎక్కువ కంగారు ఇక్కడే. వివరాలు తెలిస్తే చాలామటుకు తగ్గుతుంది.

విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు సంబంధించినది. టీనేజ్ పిల్లల విషయంలో మీ అసలు ప్రశ్న బోర్డు ఏదన్నదే. ఇక్కడివాళ్లు ఎక్కువగా ఎంచుకునేవి రెండు: కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఓఎస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్), మన రాష్ట్రంలోని తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ. జనం నోట ఓపెన్ టెన్త్, ఓపెన్ ఇంటర్ అనేవి ఇవే. ఖర్చు భరించగలిగితే కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈని ప్రైవేటుగా రాయించేవాళ్లూ ఉన్నారు.

ఎన్‌ఐఓఎస్‌లో టెన్త్‌కు 14 ఏళ్లు నిండాలి. అయిదు సబ్జెక్టులు, అందులో కనీసం ఒక భాష. తెలుగు మీడియంలోనూ రాయవచ్చు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మేలో, అక్టోబర్-నవంబర్‌లో. రిజిస్ట్రేషన్ అయిదేళ్లు చెల్లుతుంది, ఆ లోపు తొమ్మిది అవకాశాలు. అయిదు సబ్జెక్టులూ ఒకేసారి రాయాలని లేదు. ఈసారి రెండు, వచ్చేసారి మూడు రాస్తే పిల్లలకూ మనకూ టెన్షన్ తగ్గుతుంది. నా ఓటు ఈ పద్ధతికే.

చాలామంది దెబ్బతినే చోట్లు ఇవి:

టీఎంఏ అనే అసైన్‌మెంట్లకు 20 శాతం వెయిటేజీ ఉంది. ఇంట్లో కూర్చుని రాసే మార్కులు, గడువు దాటితే పోతాయి. వారం ప్లాన్‌లో గురువారం అసైన్‌మెంట్ పెట్టమన్నది అందుకే.

టెన్త్‌లో లెక్కలు తప్పనిసరి కాదు. వినగానే పిల్లలు ఎగిరి గంతేస్తారు. కానీ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయాలంటే టెన్త్‌లో లెక్కలు ఉండాలి. డిజైన్, లా, సాహిత్యం వైపు వెళ్తానని గట్టిగా చెప్పే పిల్లలైతే వదిలేయవచ్చు, లేకపోతే ఉంచండి.

టెన్త్ పాసైన రెండేళ్లకు గానీ పన్నెండో తరగతి సర్టిఫికెట్ చేతికి రాదు. టెన్త్‌ను మరీ వెనక్కి నెట్టేవాళ్లు ఈ లెక్క వేసుకోవాలి.

సైన్స్ సబ్జెక్టులకు ప్రాక్టికల్స్ ఉంటాయి. స్టడీ సెంటర్‌ను ఎంచుకునే ముందు స్వయంగా వెళ్లి ల్యాబ్ చూపించమనండి. తాళం చెవి ఎక్కడుందో వెతుకుతున్నారంటే ఇంకో సెంటర్ చూసుకోండి.

జేఈఈ మెయిన్‌కు అయిదు సబ్జెక్టులతో ఎన్‌ఐఓఎస్ పన్నెండో తరగతి సరిపోతుంది. అయితే ఐఐటీ, ఎన్‌ఐటీ సీటుకు బోర్డు పరీక్షలో 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 65) లేదా ఆ బోర్డు టాప్ 20 పర్సంటైల్ (పైనున్న 20 శాతం మందిలో చోటు) ఉండాలి. ఓపెనే కదా, పాసైతే చాలు అనుకుంటే ఇక్కడ చిక్కుతారు. ఒకప్పుడు ఓపెన్ స్కూల్ పిల్లలను నీట్‌కు రానిచ్చేవారు కాదు, ఇప్పుడా అడ్డంకి తొలగింది.

ఇంకొకటి, ఎవరూ ముందు చెప్పనిది. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో లోకల్ అభ్యర్థి అని తేలడానికి బడుల బోనఫైడ్లు అడుగుతారు. బడిలో చదవని ఏళ్లకు నివాస ధ్రువపత్రం కావాలి. మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దార్ ఆఫీసు నుంచి వస్తుంది. కౌన్సెలింగ్ రోజుల్లో పరిగెత్తకుండా ముందే తీసుకోండి. మెడికల్ సీట్లకు లోకల్ నిబంధనలు వేరు, ఆ ఏడాది ప్రాస్పెక్టస్ చూసుకోవాలి. పాత బడి నుంచి టీసీ, చివరి తరగతి మార్కుల మెమో తీసుకోకపోయి ఉంటే ఈ వారమే వెళ్లి తెచ్చుకోండి.

స్నేహితులు లేరని ముఖం వేలాడేస్తాడు

నిన్నటిదాకా అపార్ట్‌మెంట్ కింద క్రికెట్ ఆడిన పిల్లలు ఇంటర్‌కు వచ్చేసరికి హాస్టళ్లలో తేలతారు, మిగిలినవాళ్లు స్టడీ అవర్స్ అయ్యి రాత్రికి గానీ ఇల్లు చేరరు. ఆడుకోడానికి మనవాడొక్కడే మిగులుతాడు. తప్పు వాడిదీ కాదు, మీదీ కాదు. అయితే తన ఈడువాళ్లే దొరకాలని కూర్చుంటే కష్టం. పెద్దవాళ్లు, చిన్నవాళ్లు కలిసి పనిచేసే చోట్లకు పంపాలి.

భాష నేర్చుకునే పిల్లలకు గోథే జెంత్రుమ్, అలియాన్స్ ఫ్రాంసేజ్, దోమలగూడ రామకృష్ణ మఠం భాషా తరగతులు ఉన్నాయి. నాటకం, కబుర్లు, సినిమా ఇష్టమైతే బంజారాహిల్స్ లామకాన్. పక్షుల పిచ్చి ఉంటే అమీన్‌పూర్ చెరువు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. బైనాక్యులర్లతో తిరిగే అంకుల్స్ ప్రశ్నలడిగే పిల్లలను భలే ఆదరిస్తారు. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి.

లైబ్రరీ సంగతి వేరే చెప్పాలి. అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ 1891లో అసఫియా లైబ్రరీగా మొదలైంది. అక్కడా, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనూ రీడింగ్ హాళ్లు గ్రూప్స్‌కు చదివే అభ్యర్థులతో నిండి ఉంటాయి. టిఫిన్ బాక్సు పక్కన పెట్టుకుని, ఎవరూ గదమాయించకుండా గంటల తరబడి చదువుకునే పాతికేళ్లవాళ్ల మధ్య కూర్చుంటే, నెలల తరబడి మనం పెట్టిన లెక్చర్ల కంటే బాగా పనిచేస్తుంది.

ఒంటరిగా వెళ్లనివ్వండి. మొదటిసారి భయమైతే అదే మెట్రో ఎక్కండి, అబ్బాయి ఒక పెట్టెలో, మీరు ఇంకో పెట్టెలో. అమీర్‌పేటలో లైన్ మారడం రెండుసార్లు చేస్తే మీ అవసరం ఉండదు.

"ఏ క్లాసు బాబూ?" అని పెళ్లిళ్లలో అడుగుతారు

"ఓపెన్ టెన్త్ రాస్తున్నానండీ" అని చెప్పి ముందుకు నడవమనండి. అంతకుమించి ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు. తాతయ్య, అమ్మమ్మల దగ్గర మాత్రం ఓపిగ్గా కూర్చోండి, వాళ్లది అనుమానం కంటే బెంగ ఎక్కువ. మనవడు కోడింగ్‌లో చేసినదేదో వాళ్ల ఫోన్‌లోనే చూపిస్తే బెంగ తగ్గుతుంది.

నాకే ఓపిక అయిపోయింది

చాలా ఇళ్లలో భారమంతా అమ్మ మీదే ఉంటుంది. నాన్న రాత్రి ఎనిమిదింటికి వచ్చి "ఇవాళ ఏం చదివారు?" అని ఇన్‌స్పెక్టర్‌లా అడుగుతాడు. ఆ ప్రశ్న బదులు ఆయనకు ఒక సబ్జెక్టు అప్పజెప్పండి, దాని అసైన్‌మెంట్లూ గడువులూ ఆయనవే. ఇంకో హోంస్కూలింగ్ కుటుంబంతో మార్పిడి చేసుకోవడం కూడా బాగుంటుంది. మీరు వాళ్లమ్మాయికి తెలుగు చెబితే వాళ్లు మీవాడికి ఫిజిక్స్ చెబుతారు. వేరేవాళ్ల అమ్మ చెప్తే పిల్లలు బుద్ధిగా వింటారు, ఎందుకో మరి.

ఇవేవీ కానప్పుడు

ఇష్టమైన పనులూ మానేసి, తిండి తగ్గి, వారాల తరబడి గది తలుపు వేసుకుని ఉంటే దాన్ని చదువు సమస్యగా చూడకండి. డాక్టర్‌కు చూపించండి. టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. చచ్చిపోవాలనే మాట ఒక్కసారి నోట వచ్చినా, బెదిరింపని కొట్టిపారేయకుండా అదే రోజు తీసుకెళ్లండి. ఆ నెలల్లో పుస్తకాలు పక్కన పెట్టినా ఏమీ కాదు. రిజిస్ట్రేషన్ అయిదేళ్లు ఉంటుంది.