పంచుకున్న మెయిల్ ఫోల్డర్‌ను మీ మెయిల్ ప్రోగ్రాంలో తెరవడం ఎలా?

ఒక ఆడిటర్ గారి ఆఫీసును ఊహించుకుందాం. ‘జీఎస్టీ నోటీసులు’ అనే ఫోల్డర్ ఆయన మెయిల్‌బాక్సులో ఉంటుంది, దాన్ని రోజూ చూసి జవాబులు సిద్ధం చేయవలసినది మాత్రం ఇద్దరు అసిస్టెంట్లు. ‘షేర్ చేశాను, చూసుకోండి’ అని ఆయన అంటారు. వీళ్లు తమ కంప్యూటర్లలో ఎంత వెతికినా అది కనిపించదు. చివరికి విసిగిపోయి ఆయన పాస్‌వర్డే అడిగి తీసుకుంటారు. అప్పటినుంచి ఏ మెయిల్‌ను ఎవరు డిలీట్ చేశారో తెలుసుకునే దారి ఉండదు, కొత్త కంప్యూటర్‌లో లాగిన్ అయినప్పుడల్లా ఓటీపీ కోసం ఆయనకు ఫోన్ చేయవలసి వస్తుంది. నిజానికి ఇలాంటి సందర్భాల్లో చాలాసార్లు అనుమతి సరిగానే అంది ఉంటుంది. ఆ ఫోల్డర్‌ను చూపించమని మెయిల్ ప్రోగ్రాంకు ఎవరూ చెప్పకపోవడమే అసలు లోపం.

ముందుగా చూసుకోవలసినవి

మీ ఖాతా ఏ పద్ధతిలో జోడించి ఉందో మొదట చూడండి. పాప్ పద్ధతిలో, అంటే 110 లేదా 995 పోర్టు ద్వారా జోడించి ఉంటే ఇక వెతకనవసరం లేదు, ఎందుకంటే ఆ పద్ధతి ఇన్‌బాక్సులోని మెయిళ్లను దించుకోవడానికే తప్ప సర్వర్‌లోని ఫోల్డర్లను చూడడానికి పనికిరాదు. ఖాతాను సర్వర్‌లోని ఫోల్డర్లను అక్కడే ఉంచి చూపించే ఐమాప్ పద్ధతిలో (పోర్టు 993) గానీ, మీ సంస్థ మైక్రోసాఫ్ట్ సేవను వాడుతుంటే ఎక్స్ఛేంజ్ ఖాతాగా గానీ మళ్లీ జోడించాలి.

తరువాత అదే ఖాతాను బ్రౌజర్‌లో తెరిచి, పంచుకున్న ఫోల్డర్ అక్కడ దొరుకుతుందో లేదో చూడండి. అక్కడ దొరికితే అనుమతి ఉన్నట్టే, సమస్య మీ కంప్యూటర్‌లోని ప్రోగ్రాంది. వెబ్‌లోనూ దొరక్కపోతే సెట్టింగులతో కుస్తీ పట్టకుండా ఫోల్డర్ యజమానినే మళ్లీ అడగడం మేలు. ఐమాప్ సర్వర్లలో ఈ అనుమతులు విడివిడి అక్షరాలుగా ఉంటాయి: జాబితాలో కనిపించడానికి ‘ఎల్’, చదవడానికి ‘ఆర్’, చదివినట్టు గుర్తు పెట్టడానికి ‘ఎస్’. ‘ఆర్’ ఇచ్చి ‘ఎల్’ మరచిపోతే చదివే హక్కున్నా ఫోల్డర్ జాబితాలోకి రాదు. ‘ఎస్’ మరచిపోతే మీరు ఎన్నిసార్లు తెరిచినా మెయిల్ చదవనట్టే మిగిలిపోతుంది.

ఔట్‌లుక్‌లో

మొత్తం మెయిల్‌బాక్సును పంచుకోవడం, ఒక్క ఫోల్డర్‌ను పంచుకోవడం ఔట్‌లుక్‌లో రెండు వేర్వేరు పనులు. మీ సంస్థ మెయిల్ నిర్వాహకుడు మీ పేరుకు ఒక షేర్డ్ మెయిల్‌బాక్సుపై (అంటే పలువురు కలిసి వాడే మెయిల్‌బాక్సుపై) పూర్తి అనుమతి ఇస్తే, అది సాధారణంగా గంటలోపు మీ ఔట్‌లుక్‌లో దానంతట అదే ప్రత్యక్షమవుతుంది. అలా రాకపోతే ఔట్‌లుక్‌ను ఒకసారి మూసి తెరవండి. అనుమతిని మీకు నేరుగా కాక మీరు సభ్యులుగా ఉన్న గ్రూపుకు ఇచ్చి ఉంటే మాత్రం ఇలా దానంతట అది రాదు, మీరే జోడించుకోవాలి.

ఒక్క ఫోల్డర్ విషయంలోనే ఎక్కువమంది తడబడతారు. క్లాసిక్ ఔట్‌లుక్‌లో, అంటే కంప్యూటర్‌లో వాడే పాత రూపంలో, యజమాని ఆ ఫోల్డర్‌పై రైట్ క్లిక్ చేసి, ‘ప్రాపర్టీస్’లోని ‘పర్మిషన్స్’ ట్యాబులో మీ పేరు చేర్చి, చదవడం వరకే అయితే ‘రివ్యూయర్’ స్థాయిని ఎంచుకుంటారు. అంతటితో పని అయిపోయిందనుకుంటారు గానీ కాలేదు. అన్నిటికన్నా పైన ఉండే మెయిల్‌బాక్సు పేరుపై కూడా రైట్ క్లిక్ చేసి, ‘ఫోల్డర్ పర్మిషన్స్’లో మీ పేరు చేర్చి, ‘ఫోల్డర్ విజిబుల్’ అన్న గడిలో టిక్ పెట్టాలి. ‘జీఎస్టీ నోటీసులు’ ఫోల్డర్ ‘క్లయింట్లు’ అనే మరో ఫోల్డర్ లోపల ఉంటే, ఆ ‘క్లయింట్లు’కూ ఇదే టిక్ కావాలి. గదికి తాళంచెవి ఇచ్చి వీధి తలుపు తీయకపోతే లోపలికి వెళ్లలేము కదా.

ఇక మీ వైపు చేయవలసినది: ‘ఫైల్’ మెనూలో ‘అకౌంట్ సెట్టింగ్స్’ తెరిచి, మీ ఖాతాను ఎంచుకుని ‘చేంజ్’, ‘మోర్ సెట్టింగ్స్’ మీదుగా ‘అడ్వాన్స్‌డ్’ ట్యాబుకు వెళ్లి, ‘యాడ్’ నొక్కి యజమాని పేరు ఇవ్వండి. ఎడమవైపు ఆయన పేరుతో కొత్త వరుస వస్తుంది. అందులో మీకు అనుమతి ఉన్న ఫోల్డర్లే తెరుచుకుంటాయి. కొత్త ఔట్‌లుక్‌లోనూ వెబ్‌లోనూ ఇంత తిరుగుడు లేదు. ఫోల్డర్ల జాబితాలో పైన ఉన్న మీ ఖాతా పేరుపై లేదా ‘ఫోల్డర్స్’ అన్న మాటపై రైట్ క్లిక్ చేసి, ‘యాడ్ షేర్డ్ ఫోల్డర్ ఆర్ మెయిల్‌బాక్స్’ ఎంచుకుని పేరు ఇస్తే సరిపోతుంది.

థండర్‌బర్డ్‌లో

థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాంలో కీలకమైన మాట ‘సబ్‌స్క్రైబ్’, అంటే ఏ ఫోల్డర్లు కనిపించాలో ఎంచుకోవడం. ఐమాప్ సర్వర్ మీ ఫోల్డర్లను, ఇతరులు పంచుకున్న ఫోల్డర్లను, అందరికీ ఉమ్మడిగా ఉన్నవాటిని వేర్వేరు విభాగాలుగా ఉంచుతుంది. వాటిలో మీరు సబ్‌స్క్రైబ్ చేసుకున్నవాటినే థండర్‌బర్డ్ చూపిస్తుంది. ఎడమవైపు మీ ఖాతా పేరుపై రైట్ క్లిక్ చేసి ‘సబ్‌స్క్రైబ్’ తెరవండి. వచ్చిన జాబితాలో ‘షేర్డ్’ లేదా ‘అదర్ యూజర్స్’ వంటి పేరు పక్కనున్న బాణం గుర్తును నొక్కితే యజమాని పేరు, దాని కింద ఫోల్డర్ కనిపిస్తాయి. ఫోల్డర్ పక్కన టిక్ పెట్టి ‘ఓకే’ నొక్కండి. అప్పుడే ఇచ్చిన అనుమతి జాబితాలోకి రాకపోతే అదే కిటికీలోని ‘రిఫ్రెష్’ నొక్కి చూడండి.

ఫోల్డర్ వచ్చిన తరువాత మరో చిక్కు ఎదురవుతుంది: కొత్త మెయిల్ వచ్చినా మీకు తెలియదు, ఎందుకంటే మామూలుగా థండర్‌బర్డ్ ఇన్‌బాక్సును గమనిస్తుంది గానీ ప్రతి ఫోల్డర్‌నూ తనిఖీ చేయదు. ఫోల్డర్‌పై రైట్ క్లిక్ చేసి ‘ప్రాపర్టీస్’లో, కొత్త మెయిళ్లు తెచ్చేటప్పుడు ఈ ఫోల్డర్‌ను కూడా తప్పక చూడమని చెప్పే గడిలో టిక్ పెడితే ఆ ఇబ్బంది తీరుతుంది.

ఎక్స్ఛేంజ్ సర్వర్‌లో పంచుకున్న ఫోల్డర్ల కోసం ఈ సబ్‌స్క్రైబ్ జాబితాలో వెతికి లాభం లేదు, ఆ సర్వర్ ఇతరుల ఫోల్డర్లను ఐమాప్ ద్వారా చూపించదు.

ఆపిల్ మెయిల్, ఎవల్యూషన్, రౌండ్‌క్యూబ్

ఐమాప్ ఖాతాకు ఈ మూడింటిలోనూ పని థండర్‌బర్డ్‌లో లాంటిదే, ఫోల్డర్‌ను సబ్‌స్క్రైబ్ చేసుకోవడం; మీట ఉన్న చోటే వేరు. మ్యాక్‌లోని మెయిల్‌లో ఖాతాపై కంట్రోల్ క్లిక్ చేసి ‘గెట్ అకౌంట్ ఇన్ఫో’ తెరిస్తే ‘సబ్‌స్క్రిప్షన్ లిస్ట్’ ఉంటుంది. లినక్స్‌లో వాడే ఎవల్యూషన్‌లో ‘ఫోల్డర్’ మెనూ కింద ‘సబ్‌స్క్రిప్షన్స్’ దొరుకుతుంది. బ్రౌజర్‌లో తెరిచే రౌండ్‌క్యూబ్‌లో ‘సెట్టింగ్స్’లోని ‘ఫోల్డర్స్’ తెరిచి, కావలసిన దాని పక్కన ఉన్న మీటను ఆన్ చేయాలి.

జీమెయిల్‌లో

జీమెయిల్‌లో ఉన్నవి లేబుళ్లు. ఒక్క లేబుల్‌ను మాత్రమే మరొకరితో పంచుకునే వీలు అందులో లేదు. ఉన్నదల్లా మొత్తం ఖాతాను ప్రతినిధికి అప్పగించడమే. యజమాని కంప్యూటర్‌లో ‘సీ ఆల్ సెట్టింగ్స్’ తెరిచి, ‘అకౌంట్స్ అండ్ ఇంపోర్ట్’ ట్యాబులో ‘గ్రాంట్ యాక్సెస్ టు యువర్ అకౌంట్’ దగ్గర మీ చిరునామా చేర్చాలి. మీకు వచ్చిన ఆహ్వానాన్ని వారంలోపు అంగీకరించాలి, తరువాత అది చెల్లదు. అంగీకరించాక ఒక రోజు వరకు ఆగవలసి రావచ్చు. ఆపై కుడివైపు మూలన మీ బొమ్మను నొక్కితే ఆ ఖాతా కూడా జాబితాలో ఉంటుంది. నోటీసుల కోసం ఇంటి ఉత్తరాలు కూడా అప్పగించడం ఇష్టం లేనివారు ఆఫీసు పనికి విడిగా ఒక ఖాతా పెట్టుకోవాలి.

తెరిచాక జాగ్రత్తపడవలసినవి

ఎక్స్ఛేంజ్ షేర్డ్ మెయిల్‌బాక్సులో ఒకరు చదివిన మెయిల్ అందరికీ చదివినట్టే కనిపిస్తుంది. కాబట్టి ‘బోల్డ్ అక్షరాల్లో ఉన్నవే మిగిలిన పని’ అన్న లెక్క అక్కడ నడవదు. ఎవరు ఏది తీసుకున్నారో తెలియడానికి రంగుల కేటగిరీలు వాడుకోవడం నయం. క్లాసిక్ ఔట్‌లుక్‌లో షేర్డ్ మెయిల్‌బాక్సు నుంచి మీరు డిలీట్ చేసిన మెయిల్ మామూలుగా మీ సొంత ‘డిలీటెడ్ ఐటమ్స్’లోకి చేరుతుంది. నోటీసు మాయమైందని ఆఫీసంతా గాలించే ముందు, చివరగా ఆ ఫోల్డర్‌లో పనిచేసిన వారి డిలీటెడ్ ఐటమ్స్‌ను తెరిపించి చూడండి.