బ్రేక్ పెడల్ ఊరికే కొట్టుకుంటోందా? నా అనుభవం

సిగ్నల్ దగ్గర కారు ఆగబోతుంటే, స్పీడు 10కి పడగానే బ్రేక్ పెడల్ కాలికింద టకటకా కొట్టుకునేది. పొడి రోడ్డు, మెల్లగా నొక్కినా అంతే. కారు కాస్త ముందుకెళ్లి ఆగేది. ముందు బండి ఉంటే ఒకటే టెన్షన్.

ఇలా కొట్టేది ఏబీఎస్, అంటే బ్రేక్ వేసినప్పుడు చక్రాలు లాక్ అయి (తిరగడం ఆగి) జారకుండా చూసే ఏర్పాటు. నా కారులో దీనికోసం ప్రతి చక్రం దగ్గరా పళ్ల రింగు, దాన్ని చదివే సెన్సర్ ఉంటాయి. ఒక చక్రం హఠాత్తుగా నెమ్మదిస్తే, అది లాక్ అవుతోందని కంప్యూటర్ లెక్క. వెంటనే ఆ చక్రానికి బ్రేక్ ఆయిల్ వెళ్లే వాల్వ్ మూసుకుంటుంది, ఇంకోటి తెరుచుకుని ప్రెషర్ వదులుతుంది, పంపు ఆ ఆయిల్‌ను వెనక్కి తోస్తుంది. ఇదంతా సెకనులో చాలాసార్లు. పెడల్‌కు తగిలే దెబ్బలు అవే.

ఏబీఎస్ ఫ్యూజు పీకేయమని కొందరు సలహా ఇచ్చారు. దయచేసి ఆ పని చేయకండి. వానలో సడెన్ బ్రేక్ వేసినా స్టీరింగ్ మన మాట వినేది ఏబీఎస్ వల్లే.

కారు కంప్యూటర్‌కు తగిలించి చూసే స్కానర్‌లో లోపం కోడ్ ఏదీ లేదు. అందులోనే ఒక్కో చక్రం స్పీడు అప్పటికప్పుడు చూపే లైవ్ డేటా పెట్టి, పక్కన ఒకరిని చూడమని మెల్లగా నడిపితే, ముందు ఎడమ చక్రం ఒక్కటే కారు ఆగకముందే సున్నా చూపించింది. విప్పితే సెన్సర్ మొనకు ఇనుప రజను, అది కూర్చునే చోట పొరలుగా తుప్పు. ఆ తుప్పే సెన్సర్‌ను రింగుకు దూరంగా ఎత్తేసింది. ఈ అయస్కాంతం రకం సెన్సర్లలో స్పీడు తగ్గేకొద్దీ సిగ్నల్ బలహీనపడుతుంది, సందు పెరిగితే ఇక అందదు. అందుకే ఆ చక్రం లాక్ అయిందని కంప్యూటర్ పొరబడేది. తుప్పు గీకి, మొన తుడిచి బిగించాను. ఇప్పుడు నాలుగు చక్రాలూ ఒకేసారి సున్నాకు వస్తున్నాయి.