ఎండాకాలం డప్పు బృందంతో ఊరూరా: తొలిసారి వచ్చేవారికి

ఉగాది దాటిన నాటి నుంచి మృగశిర కార్తె వచ్చేదాకా నల్లగొండ, పాలమూరు పల్లెల్లో డప్పుకు తీరిక ఉండదు. పెండ్లిళ్లు, ఎల్లమ్మ పండుగలు, జాతరలు, వాటి నడుమ సంఘాలు నిర్వహించే డప్పు పోటీలు, అన్నీ ఆ కొద్ది వారాల్లోనే వచ్చి పడతాయి. పన్నెండు మందితో కూడిన ఒక బృందంతో నేను చాలా వేసవులు తిరిగాను. కొత్తగా చేరే పిల్లలందరూ నన్ను ముందుగా దరువుల గురించే అడుగుతారు. దరువు చలికాలంలోనూ నేర్చుకోవచ్చు. వేసవి ప్రయాణంలో బృందం చివరిదాకా నిలబడుతుందా లేదా అన్నది డప్పు చేతిలో ఉన్న రెండు గంటల కంటే, డప్పు కింద పెట్టిన తక్కిన ఇరవై రెండు గంటల్లో మనం ఎలా ఉన్నామన్న దాని మీదనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ వివరాలు రాస్తున్నాను.

ప్రయాణం ఖాయం చేసుకునే ముందు పంచాంగం చూడాలి. మూఢం వచ్చిన రోజుల్లో పెండ్లిళ్లు జరగవు కాబట్టి ఆ వారాలను సాధనకూ పోటీలకూ కేటాయించుకోవచ్చు. ముహూర్తాలు దట్టంగా ఉన్న వారంలో మాత్రం ఒకే దారిలో ఉన్న ఊళ్లను కలిపి ఒప్పుకోవాలి. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ ఒకే జాతీయ రహదారి మీద ఉన్నాయి. జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు ఇంకొక రహదారి మీద ఉన్నాయి. ఈ రోజు కోదాడలో, రేపు పెబ్బేరులో, ఎల్లుండి మళ్లీ సూర్యాపేటలో అని ఒప్పుకున్న బృందం తన ఆదాయాన్ని డీజిలుకూ తన నిద్రను రోడ్డుకూ ధారపోస్తుంది. బయానా తీసుకునేటప్పుడే ఎంతమంది వస్తారు, ఎన్ని గంటలు వాయిస్తారు, భోజనం ఎవరిది, రాత్రి పడక ఎక్కడ అన్న నాలుగు సంగతులు కాగితం మీద రాయించుకుని ఇద్దరూ సంతకం చేయాలి. బరాత్ ఆలస్యమైతే గంటకు ఎంత అదనమో కూడా అందులోనే ఉండాలి, ఎందుకంటే బరాత్ ఆలస్యం కాని పెండ్లిని నేను ఇంతవరకు చూడలేదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగ స్థలంలో వాద్యాలు మోగించరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఈ సంగతిని ఒప్పందం రోజునే పెండ్లివారికి తెలియజేస్తే, అర్ధరాత్రి పోలీసు జీపు ముందు నిలబడి సమాధానం చెప్పుకోవలసిన పరిస్థితి బృందానికి రాదు.

ఇక డప్పు సంగతి. తోలు తేమను పీల్చుకుంటే సాగి మొద్దుబారిన శబ్దం ఇస్తుంది. వేడి తగిలితే బిగుసుకుని ఖంగుమంటుంది. వానాకాలంలో, చలికాలంలో మంట దగ్గర చాలాసేపు కాచుకునే అలవాటు ఉన్నవారు వేసవిలోనూ అలాగే చేసి డప్పు పగలగొట్టుకుంటారు. ఏప్రిల్, మే నెలల్లో గాలిలో తేమే ఉండదు కనుక పగటి పూట తోలు తనంతట తానే బిగిసి ఉంటుంది. దాన్ని మళ్లీ మంటకు పెడితే మొదట అంచు దగ్గర జిగురు విడిచిపోతుంది, తరువాత వెంట్రుకవాసి చీలిక మొదలవుతుంది, మూడో ప్రదర్శన నాటికి ఆ చీలిక నడిమికి చేరుతుంది. వేసవిలో పగలు వాయించే ముందు తోలును వేలి కొనతో తట్టి చూడండి. శబ్దం తేటగా పలికితే మంట అవసరం లేదు. చీకటి పడిన తరువాత, ముఖ్యంగా చెరువు పక్క ఊళ్లలోనూ కృష్ణ ఒడ్డున మట్టపల్లి వంటి చోట్లనూ, కొంచెం కాచుకోవలసి వస్తుంది. అప్పుడు గడ్డితో చిన్న మంట వేసి, డప్పును మంటకు మూరెడు దూరంలో పట్టుకుని, ఒక్క చోట ఆపకుండా గుండ్రంగా తిప్పుతూ ఉండాలి. అరచేతిని తోలుకు ఆనిస్తే వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు.

డీసీఎం వ్యాను పైకప్పు మీద, ఆటో ట్రాలీలో ఎండకు బోర్లా, వెల్లకిలా డప్పులను పడేసి తీసుకెళ్లడం మన బృందాల్లో అందరూ చేసే తప్పు. మొదటి వేసవిలో నేను కూడా చేశాను. దేవరకొండ నుంచి డిండి మీదుగా అచ్చంపేట చేరేసరికి మూడు డప్పులు పగిలాయి. ఆ సాయంత్రం జాతరలో తొమ్మిది డప్పులతోనే నిలబడవలసి వచ్చింది. అప్పటి నుంచి ఒక్కొక్క డప్పునూ పాత నూలు చీర మడతలో చుట్టి, రెండేసి డప్పులను తోలు తోలుకు ఎదురుగా పెట్టి, బండి లోపల నీడ పడే వైపు నిలబెట్టి కడుతున్నాము. తడి గుడ్డ ఎప్పుడూ చుట్టకూడదు. డప్పు వాయించే సన్నని చిటికెన పుల్లలు, లావైన సిర్రలు విడిగా ఒక గోతంలో ఉండాలి. ఒక్కొక్కరికి రెండు జతలు తక్కువ కాకుండా చూసుకోవాలి. జిగురు విడిచిన చోట అంటించడానికి చింతగింజల పిండి కొంత వెంట ఉంచుకుంటే ఊరు కాని ఊరిలో ఇబ్బంది ఉండదు.

ఫైబర్ డప్పుల గురించి పెద్దల్లో చాలా వాదన ఉంది. తోలు డప్పు పలికే లోతు ఫైబర్‌కు రాదన్నది నిజమే, నా చెవికి కూడా తోలే కావాలి. అయినా ప్రతి బృందం వెంట రెండు మూడు ఫైబర్ డప్పులు ఉండాలని నేను గట్టిగా చెబుతాను. మే నెలలో సాయంత్రం నాలుగు దాటగానే గాలిదుమారం లేచి, వడగండ్లతో వాన పడడం మన జిల్లాల్లో కొత్త కాదు. తడిసిన తోలు ఆ పూటకు పనికి రాదు. రెండో కారణం అడవి. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు వెళ్లేవారు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో నడుస్తారు. ఎండుటాకులు మోకాలి లోతు పరుచుకున్న ఆ కాలంలో అక్కడ నిప్పు రాజేయడం నేరమే కాదు, అడవికి చేసే ద్రోహం కూడా. డప్పు కాచుకునే వీలు లేని చోటికి కాచవలసిన పనిలేని డప్పునే తీసుకెళ్లాలి.

డప్పు తోలుకు చెప్పిన జాగ్రత్తలన్నీ మనిషికీ వర్తిస్తాయి. మిర్యాలగూడ, నల్లగొండ వైపు ఎండ 44 డిగ్రీలు దాటే రోజులు దాదాపు ప్రతి ఏటా వస్తాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు అన్నారు. ఆ ఎండలో గజ్జె కట్టి, డప్పు భుజాన వేసుకుని గంటసేపు గంతులు వేసే మనిషి శరీరం ఎంత నీటిని పోగొట్టుకుంటుందో ఆలోచించండి. దాహం వేసిన తరువాత తాగుదామంటే ఆలస్యమైనట్టే. ప్రదర్శనకు గంట ముందు నుంచే కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. ఉత్త నీళ్లు ఎన్ని తాగినా చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాదు. లీటరు నీటికి ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలకొట్టుగా కొలిచి కలిపిన ద్రావణాన్ని సీసాల్లో నింపి ఉంచుకోవాలి, లేదా ఉప్పు వేసిన పలుచని మజ్జిగ తాగాలి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తున్నవారిని ఆ పూట వలయం బయట కూర్చోబెట్టి తాళం ఇమ్మనడం మా బృందంలో కచ్చితమైన నియమం, దానికి నాయకుడు కూడా మినహాయింపు కాడు.

నీరు ఎక్కడ పట్టుకుంటున్నామో కూడా చూసుకోవాలి. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతపు బోరు నీటిలోని ఫ్లోరైడ్ ఎన్ని తరాల ఎముకలను వంచిందో ఈ జిల్లా వారికి చెప్పనక్కరలేదు. ఒక పూట తాగితే ఏమీ కాకపోవచ్చు, కానీ ప్రతి వేసవీ అవే ఊళ్లు తిరిగేవారు శుద్ధి చేసిన నీటి క్యాన్లు రెండు బండిలో ఉంచుకోవడమే మేలు.

పెండ్లి భోజనం రుచిగా ఉంటుంది, డప్పుకు శత్రువుగానూ ఉంటుంది. మటన్, బగారా అన్నం కడుపు నిండా తిని వెంటనే వలయంలోకి దిగిన వారు పావుగంటకే అడుగు బరువెక్కి వెనకబడతారు. ఉదయం జొన్న గటుక గానీ అంబలి గానీ ఉల్లిగడ్డతో తాగి, మధ్యాహ్నం పెరుగన్నం లేదా పచ్చిపులుసుతో తేలికగా తిని, మాంసాహారం ప్రదర్శన ముగిసిన తరువాతకు ఉంచుకోవాలి. దొరికిన చోట తాటి ముంజలు తినండి. కల్లు, సారా పోసి ఇంకొంచెం గట్టిగా కొట్టమనే వారు ప్రతి ఊరిలో ఉంటారు. వాయించే రోజున వాటిని ముట్టరాదు. మద్యం శరీరంలోని నీటిని ఇంకా తీసేస్తుంది, పైగా ఎండదెబ్బ తగిలిన మనిషిని తాగి పడిపోయాడనుకుని అందరూ వదిలేసే ప్రమాదం ఉంటుంది. మాట తడబడడం, తికమక పడడం, ఒళ్లు కాలిపోవడం కనిపిస్తే చెమట పట్టినా పట్టకపోయినా అది వడదెబ్బ అనే భావించి, నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసురుతూ 108కు ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేని వారి నోట్లో నీళ్లు పోయకూడదు.

సాధన ఉదయం అయిదు నుంచి ఎనిమిది లోపల ముగించాలి. తారు రోడ్డు మీద వట్టి కాళ్లతో పదిన్నర తరువాత అడుగు వేయడం మొండితనమే అవుతుంది. గజ్జెల కింద మెత్తని గుడ్డ చుట్టుకుని కాన్వాసు బూట్లు వేసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. పోటీకి సిద్ధమయ్యేటప్పుడు మొదటి అరగంట డప్పులు ముట్టకుండా, జజ్జనక జజ్జనక అని నోటితో దరువు పలుకుతూ అడుగులు మాత్రమే వేయండి. నోట పలకనిది చేతిలో నిలవదు. తరువాత మందగతిలో మొత్తం వరుసను వాయించి, అది తప్పు లేకుండా వచ్చిన తరువాతనే వేగం పెంచాలి. పోటీలో ఇచ్చే సమయం కొద్ది నిమిషాలే; ఎవరెంత గట్టిగా కొట్టారన్న దాని కంటే పన్నెండు సిర్రలు ఒక్క సిర్రలా పడ్డాయా, వలయం విడిపోయి వరుసగా మారేటప్పుడు దరువు తెగిందా అన్నదే ముందుగా వినిపిస్తుంది, కనిపిస్తుంది. దరువు మార్చే సైగ ఒక్కరే ఇవ్వాలి. పోటీకి ముందు రెండు రోజులు ఏ పెండ్లీ ఒప్పుకోవద్దు, ఎంత ఇస్తామన్నా సరే.

చెవుల గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. అమెరికాలో డ్రమ్ కోర్ అనే పోటీ వాద్యబృందాలు ఉన్నాయి. వాటిలోని యువతీ యువకులు వేసవి అంతా బస్సుల్లో తిరుగుతూ, బడుల వ్యాయామశాలల నేల మీద పడుకుంటూ, పగలంతా సాధన చేసి సాయంత్రం ప్రదర్శన ఇస్తారు; 1972లో మొదలైన వారి తుది పోటీలు కొన్నేండ్లుగా ఆగస్టులో ఇండియానాపోలిస్ నగరంలో జరుగుతున్నాయి. వారి జీవితానికీ మన జీవితానికీ ఇంత పోలిక ఉండగా, వారిలో చాలామందికి ఉన్న ఒక మంచి అలవాటు మనకు లేదు: సాధనలో చెవుల్లో రక్షణ బిరడాలు పెట్టుకోవడం. 85 డెసిబెల్‌ల శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చని, ప్రతి మూడు డెసిబెల్‌లకు ఆ సమయం సగానికి పడిపోతుందని నిపుణుల లెక్క. ఆ ప్రకారం 100 డెసిబెల్‌ల దగ్గర పావుగంటే హద్దు. మందుల దుకాణంలో దొరికే నురగ బిరడాలు కొద్ది రూపాయలకే వస్తాయి, దరువు స్పష్టంగానే వినిపిస్తుంది. నలభై ఏండ్లకే చెవుడు వచ్చిన డప్పు కళాకారులను చూసిన బాధతో ఈ మాట చెబుతున్నాను.

పడక విషయంలో వేసవి మనకు ఒక మేలు చేస్తుంది. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం వరకు బడులకు సెలవులు కనుక, ప్రధానోపాధ్యాయులనూ సర్పంచునూ ముందుగా అడిగితే వరండా దొరుకుతుంది. నేల చల్లబడేందుకు సాయంత్రమే నీళ్లు చల్లి, దోమతెరలు కట్టుకుని, డప్పులను తలవైపు గోడకు ఆనించుకుని పడుకోవాలి. మధ్యాహ్నం రెండు గంటల నిద్ర తప్పనిసరి. బృందంలో ఆడపిల్లలు ఉంటే తలుపు, గడియ, స్నానపు గది ఉన్న చోటు ముందుగా వారికే ఇవ్వాలి. ఆ ఏర్పాటు లేని ఊరిలో రాత్రి ఆగకుండా తిరుగు ప్రయాణం కట్టుకోవాలి.

మర్యాద గురించి కూడా కొత్తవారు ముందే తెలుసుకోవాలి. మన తాతలు ఈ ఊళ్లలోనే చావుకూ చాటింపుకూ కూలి లేకుండా వెట్టిగా డప్పు కొట్టారు. ఎస్సీ వర్గీకరణ కోసం 1994లో మొదలైన మాదిగల దండోరా ఉద్యమం ఆ డప్పునే ఆత్మగౌరవానికి గుర్తుగా భుజాన వేసుకుని నడిచింది. కాబట్టి పెరటి వైపు కూర్చోబెట్టి విడిగా విస్తర్లు వేస్తే అక్కడ తినకండి. గొడవ పడనక్కరలేదు, బృంద నాయకుడు ఇంటి పెద్దను పక్కకు పిలిచి, అందరితో పాటు అదే పంక్తిలో భోజనం ఒప్పందంలో రాసి ఉందని చూపించాలి. మేము అలా చూపించిన ప్రతిసారీ, ఒక్క ఊరిలో తప్ప, పంక్తిలోనే వడ్డించారు. ఆ ఒక్క ఊరిలో వాయించకుండా బయానా తిరిగి ఇచ్చి వచ్చేశాము. ఆ రాత్రి బండిలో అటుకులు తిని పడుకున్నాము.

తిరిగి ఇంటికి చేరిన మరునాడే లెక్కలు తేల్చుకోవాలి. బండి కిరాయి, తోలు మరమ్మతు, మందుల ఖర్చు తీసివేసి, మిగిలినది నాయకుడితో సహా అందరికీ సమానంగా పంచి, ప్రతి ఒక్కరి సంతకం తీసుకోవాలి. డప్పులను పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, అంచులు చూసి, విడిచిన చోట అంటించి ఆరనివ్వండి. తరువాత నూలుగుడ్డలో చుట్టి ఎలుకలకు అందకుండా దూలానికో, గోడ మేకుకో నీడలో వేలాడదీయండి. ఆషాఢంలో బోనాలకు దించేనాటికి తొలకరి తేమకు తోలు సాగి ఉంటుంది, అప్పుడు మాత్రం గడ్డి మంట కొంచెం ఎక్కువసేపే కావలసి వస్తుంది.