చర్చి సంఘంలో వాలంటీర్లు నిలవడం లేదా? ముందు తాళంచెవి సంగతి చూడండి

సమస్య: ప్రకటన చేశాం, ఒక్కరూ రాలేదు

కారణం ఆ ప్రకటనే. "ఆసక్తి ఉన్నవారు ఆరాధన అయ్యాక అయ్యగారిని (పాస్టర్‌ని) కలవండి" అంటే పక్కవాళ్లకు చెప్పారనుకుని అందరూ చెప్పులేసుకుంటారు. మనిషిని పట్టుకుని అడగండి: "తమ్ముడూ, ఈస్టర్ దాకా రెండో ఆరాధనకి బళ్ల పార్కింగ్ చూస్తావా?" పనేంటో, ఎన్నాళ్లో తెలిస్తే ఒప్పుకుంటారు. ఇది కూడా చేయకుండా ఉపవాస ప్రార్థన పెట్టేవాళ్లకు ఏం చెప్పను!

సమస్య: ఫిబ్రవరి వచ్చిందంటే పల్చబడతారు

గుంటూరులో మిర్చి సీజను. పిల్లలకు ఇంటర్ పరీక్షలు. బెజవాడ క్యాథలిక్ యువతైతే 9, 10, 11 తేదీల్లో గుణదల తిరునాళ్లలో ఉంటారు. వంతులు చిన్నవి చేయండి, వీబీఎస్‌కి (పిల్లల సెలవుల బైబిల్ స్కూలుకి) మనుషుల్ని పరీక్షలయ్యాక అడగండి. అంతే.

సమస్య: చక్కగా చేస్తున్నవాళ్లే జారుకుంటున్నారు

ఇదే అసలు తలనొప్పి. అడిగితే "చుట్టాలొచ్చారు", "ఒంట్లో నలతగా ఉందండీ" అంటారు. సంఘ పెద్ద ముఖం మీద అసలు మాట మనవాళ్లు చెప్పరు కదా.

సండే స్కూల్ టీచరమ్మ ఎనిమిదింటికే వస్తుంది. చార్టులు, రంగు పెన్సిళ్లు బీరువాలో ఉంటాయి. తాళంచెవి సంఘ పెద్దగారి జేబులో. ఫోన్ చేస్తే "బయల్దేరానమ్మా" అంటారు, వెనకాల బకెట్లో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. పిల్లలేమో వేపచెట్టు కింద ఒకరి చెప్పులు ఒకరు దాచేస్తుంటారు. ఆ పెన్సిళ్లు అయిపోతే కొత్తవి కొనడానికి ట్రెజరర్ సంతకం. సౌండు చూసే కుర్రాడిదీ ఇదే గోల: పాట మధ్యలో ఎవరో ఒక పెద్దాయన వచ్చి వాల్యూమ్ తిప్పేసి పోతారు. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చింది 1842లో. కొన్నిచోట్ల బీరువా చెవి అప్పట్నుంచీ ఒకే జేబులో ఉందేమో అనిపిస్తుంది.

దీన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమంటే, ఆ పెద్దాయన మంచివారు. సంఘం కోసం చేతి డబ్బు పెట్టినవారు. "ఈ కాలం పిల్లలకి నిలకడ లేదు" అని అందరికంటే ఎక్కువ బాధపడేదీ ఆయనే.

పరీక్ష తేలిక. "ఆదివారం పొద్దున మీ పని మొదలవ్వాలంటే ఎవరికి ఫోన్ చేయాలి?" అని ఒక్కొక్కరినీ విడిగా అడగండి. ఒకే పేరు మళ్లీ మళ్లీ వస్తే దొరికినట్టే.

మారుచెవి చేయించండి. చిన్న ఖర్చులకు కాస్త డబ్బు టీచర్ల చేతిలోనే ఉంచి, చిట్టీలు చూసి నెలాఖరున లెక్క తీసుకోండి. పెద్దాయన్ని కమిటీలో పదిమంది ముందు అడగొద్దు, పరువు సమస్యవుతుంది. అయ్యగారు ఇంటికెళ్లి, టీ తాగుతూ అడిగితే ఆయనే చెవి తీసిస్తారు. మానేసినవాళ్ల ఇంటికి ఆ చెవి పట్టుకునే వెళ్లండి. వట్టి "మళ్లీ రండి" పనిచేయదు.

పక్క సంఘంవాళ్లు లాగేసుకోవడం, క్వైర్‌లో అలకలు లేకపోలేదు గానీ అరుదు. బీరువా తెరిచాక చూసుకోవచ్చు.