సముద్రతీరంలో మైక్రోప్లాస్టిక్ ఎలా లెక్కపెట్టాలి?

గుంటూరు, విజయవాడ కాలేజీల్లో ఈమధ్య మైక్రోప్లాస్టిక్ ప్రాజెక్టులు చాలానే చేస్తున్నారు. సూర్యలంక వెళ్లి ఇసుక తెస్తారు, మైక్రోస్కోపు కింద పెట్టి లెక్క చెప్తారు. చిక్కేమిటంటే, ఒకరి లెక్కని ఇంకొకరి లెక్కతో పోల్చలేం. ఒకరు ఇసుకని పైపైన గీరుతారు, ఇంకొకరు జానెడు లోతు తవ్వుతారు. ఒకరు చదరపు మీటరుకి ఇన్ని అంటారు, మరొకరు కిలోకి ఇన్ని అంటారు. మైక్రోప్లాస్టిక్‌ని, అంటే 5 మిల్లీమీటర్ల లోపు ప్లాస్టిక్ ముక్కల్ని, ఏరడం ఎవరికైనా వస్తుంది. అందరూ ఒకే పద్ధతిలో ఏరితేనే ఆ అంకెకి విలువ. అందుకే కింద చెప్పినట్టే చేయండి, మధ్యలో సొంత మార్పులు పెట్టకండి.

సామాన్లు

స్టీలు గరిటె, గాజు సీసాలు, అల్యూమినియం ఫాయిల్, 5 మి.మీ., 1 మి.మీ. స్టీలు జల్లెడలు, రాళ్ల ఉప్పు, గ్లాస్ ఫైబర్ ఫిల్టర్లు, కొలత టేపు. 50 సెంటీమీటర్ల చదరపు చట్రం ఒకటి చెక్కతో చేయించుకోండి. పీవీసీ పైపుతో చేసి తెచ్చేవాళ్లని చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. సీసాల రేకు మూతకి కూడా లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి ముందు ఫాయిల్ కప్పి, ఆపైన మూత బిగించండి.

ఇసుక తీయడం

పోటు తగ్గాక ఇసుక మీద నాచు, గవ్వలు, పుల్లలు వరసగా మిగిలిపోయే గీత ఉంటుంది. ఆ గీత వెంట 100 మీటర్లు కొలవండి. అందులో ఐదు చోట్ల చట్రం పెట్టాలి, ఒక్కోదానికి మధ్య కనీసం 5 మీటర్ల ఎడం ఉండాలి. ఎక్కడెక్కడ పెట్టాలో ఇంటి దగ్గరే చీటీలు తీసి రాసుకెళ్లండి. అక్కడికెళ్లాక నిర్ణయిస్తే కాళ్లు చెత్త ఉన్న వైపే లాగుతాయి.

చట్రంలోపల పై 5 సెంటీమీటర్ల ఇసుక మాత్రమే తీయాలి. అంతా మోసుకురాలేరు కాబట్టి అక్కడే జల్లించి, 1 నుంచి 5 మి.మీ. మధ్య ఉన్నది విడిగా తెచ్చుకోండి. అంతకంటే చిన్నవాటి కోసం జల్లించక ముందే ఒక గాజు సీసాడు ఇసుక తీసి పెట్టుకోవాలి.

కార్తీక పౌర్ణమి స్నానాల మర్నాడు వెళ్లి తీస్తే అది తీరం లెక్క కాదు, జనం లెక్క. కృష్ణ వరదని కూడా తప్పకుండా నమోదు చేయండి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు కిందికి వెళ్లాయి. అలాంటి ఏడాది, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి ఇసుకనీ, వరద రాని ఏడాది ఇసుకనీ పక్కపక్కన పెట్టి "పెరిగింది" అంటే కుదరదు.

ఆరబెట్టడం, తేల్చడం

ఓవెన్లో 60 డిగ్రీలు దాటకుండా ఆరబెట్టి తూకం వేయండి. ఒడియాలు పెట్టినట్టు డాబా మీద ఆరబోయకండి, ఊళ్లోని దుమ్మంతా అందులోకి చేరుతుంది.

లీటరు నీళ్లకి సుమారు 360 గ్రాముల ఉప్పు కరిగిస్తే సాంద్రత 1.2 దాకా వస్తుంది. ఇసుక అడుగున ఉండిపోతుంది, పాలిథిన్, పాలీప్రొపిలీన్, థర్మకోల్ పైకి తేలతాయి. స్టీలు కడ్డీతో బాగా కలిపి, మూత పెట్టి రాత్రంతా కదలకుండా ఉంచి, పైనీటిని వడకట్టండి. అదే ఇసుకతో ఇలా మూడుసార్లు. ఉప్పునీళ్లని వాడే ముందు కూడా వడకట్టాలి, ఎందుకంటే మనం తినే సముద్రపు ఉప్పులోనే మైక్రోప్లాస్టిక్ ఉంటుంది.

ఉప్పుకి బదులు జింక్ క్లోరైడ్ వాడితే బరువైన పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్), పీవీసీ కూడా తేలతాయి కదా అంటారు. నిజమే, ఉప్పునీళ్లలో అవి చాలావరకు మునిగిపోతాయి. కానీ జింక్ క్లోరైడ్ ఖరీదెక్కువ, పని అయ్యాక సింకులో పారబోస్తే నీటిలోని జీవాలకి విషం. ఉప్పు ప్రతి కాలేజీకీ అందుతుంది. నా ఓటు ఉప్పుకే. ఏది వాడారో మాత్రం రిపోర్టులో రాయాలి.

మీ బట్టల్ని లెక్కపెట్టకుండా ఉండడం

తొంభై పాళ్లు పాడయ్యేది ఇక్కడే, అందుకే నిదానంగా చదవండి.

మైక్రోస్కోపు కింద ఎక్కువగా కనిపించేవి దారపు పోగులు. అవి సముద్రం నుంచి వచ్చాయా, మీ చున్నీ నుంచి వచ్చాయా అన్నది పోగుని చూసి చెప్పలేరు. లెగ్గింగ్స్, టీషర్టు, స్కూల్ యూనిఫాం, కుర్చీ కవరు, చాలావాటిలో పాలియెస్టర్ లాంటి ప్లాస్టిక్ దారమే ఉంటుంది. చెయ్యి విదిలిస్తే చాలు, పోగులు రాలతాయి. కాబట్టి బీచ్‌లోనూ ల్యాబ్‌లోనూ నూలు బట్టలే వేసుకోవాలి. మన పక్కనే ఉన్న మంగళగిరి చేనేత కాటన్ చక్కగా సరిపోతుంది, జరీ అంచు లేనిది తీసుకోండి. నకిలీ జరీ చాలాసార్లు ప్లాస్టిక్ పొరే. టీమంతా ముదురు నారింజ లాంటి ఒకే రంగు వేసుకుంటే ఇంకా మంచిది, ఆ రంగు పోగు కనిపిస్తే మీదేనని వెంటనే తెలుస్తుంది.

ఇక ఫ్యాను. గుంటూరు ఎండల్లో ఫ్యాన్ ఆపమంటే ఎవరికైనా కష్టమే. అయినా ఆపాల్సిందే. ఇసుక తెరిచి ఉన్నంతసేపూ ఫ్యాను, కూలరు, ఏసీ ఏవీ తిరగకూడదు, తలుపులు మూసి ఉండాలి. తట్టుకోలేమనుకుంటే పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టండి. బల్లని తడి నూలుగుడ్డతో తుడవండి. ప్రతి గిన్నెనీ వడకట్టిన నీళ్లతో మూడుసార్లు కడిగి ఫాయిల్‌తో కప్పండి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొన్ని పోగులు పడతాయి. ఎన్ని పడ్డాయో చెప్పేది బ్లాంక్. ఇసుక వేయకుండా అవే ఉప్పునీళ్లు, అదే గాజు, అదే ఫిల్టర్, అంతేసేపు, అన్నీ అలాగే చేయాలి. ప్రతి విడతకీ మూడు బ్లాంకులు పెట్టండి. బీచ్‌లో ఇసుక తీస్తున్నంతసేపూ పక్కన ఒక ఖాళీ సీసా మూత తీసి ఉంచండి. ల్యాబ్‌లో బల్ల మీద తడి ఫిల్టర్ ఒకటి తెరిచి పెట్టండి. బ్లాంకులో వచ్చిన పోగుల రంగు, సంఖ్య అన్నీ రాయాలి. గుట్టుచప్పుడు కాకుండా తీసివేసి మిగిలింది చెప్పడం పద్ధతి కాదు. బ్లాంకులో ఆరు నీలం పోగులు, ఇసుకలో ఏడు నీలం పోగులు వస్తే, మీకు నీలం పోగులు దొరకలేదనే అర్థం.

దీనికి రెండోవైపు కూడా చూసుకోవాలి. ఎర్ర సీసా మూతని సన్నగా తరిగి, ఇరవై ముక్కలు శుభ్రమైన ఇసుకలో కలిపి, మొత్తం పద్ధతి నడిపించండి. ఎన్ని తిరిగి దొరికాయో అది మీ చేతి పనితనం. నీలం, ఆకుపచ్చ ముక్కలు వద్దు, వల తాళ్ల ముక్కలతో కలిసిపోతాయి.

లెక్కపెట్టడం

ప్లాస్టిక్ పోగు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మందంతో ఉంటుంది, కణాల అమరిక కనిపించదు. నూలు పోగు మెలితిరిగిన రిబ్బన్‌లా ఉంటుంది. అనుమానం వస్తే కాల్చిన సూది దగ్గరికి తీసుకెళ్లండి. పాలియెస్టర్ కరిగి ముడుచుకుంటుంది, నూలు మాడుతుంది. 1 మి.మీ. లోపు ముక్కల్ని కంటితో ఖాయం చేయకండి, కొన్నిటినైనా ఎఫ్‌టీఐఆర్ లేదా రామన్ పరీక్షకి పంపాలి, కాంతి సాయంతో అది ఏ పదార్థమో చెప్పే పరీక్షలివి.

చిన్నవాటిని ఆరిన ఇసుక కిలోకి ఇన్ని అని, జల్లెడ పట్టిన పెద్దవాటిని చదరపు మీటరుకి ఇన్ని అని రాయండి. వాటి పక్కనే లోతు, జల్లెడ కన్ను, ఉప్పు, తిథి, బ్లాంకు ఫలితం ఉండాలి. మిగిలిన ఇసుకని పారబోయకండి. పెన్సిల్‌తో చీటీ రాసి సీసాలో వేసి దాచండి, రేపు ఇంకో కాలేజీ వాళ్లు అదే ఇసుకతో మీ లెక్కని సరిచూడొచ్చు.