చలికాలం నైట్ షెల్టర్‌లో సేవకు వెళ్తున్నారా?

హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరిల్లో, ఇల్లు లేనివాళ్లు రాత్రిపూట తలదాచుకునే నైట్ షెల్టర్‌కు వెళ్లే ముందు ఏం తక్కువైందో కేర్‌టేకర్‌ని అడగండి. దుప్పట్లు అందరూ ఇస్తారు. చాపలు, సాక్సులు, మంకీ క్యాపులు తెచ్చేవాళ్లు తక్కువ. చలి నేల నుంచే ఎక్కుతుంది, రెండు దుప్పట్లుంటే ఒకటి కింద పరవండి.

కిచిడీకి కిలో బియ్యం, పావుకిలో పెసరపప్పు వేస్తే పదిమందికి వస్తుంది. జారుగా వండండి, చల్లారితే ముద్దకడుతుంది. పళ్లు లేని పెద్దవాళ్లూ ఉంటారు మరి.

గదిలో బొగ్గుల కుంపటి వద్దే వద్దు. తలుపులు మూస్తే, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

వణుకుతున్నవాళ్లకు తడిబట్టలు మార్చి వేడి టీ ఇవ్వండి. వణుకు ఆగి మాట ముద్దగా వస్తుంటే అది తగ్గినట్టు కాదు, ముదిరినట్టు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఈలోగా నోట్లో ఏమీ పోయొద్దు, కాళ్లూ చేతులూ రుద్దొద్దు.