పడవ పద్దు – 4వ పాఠం: ఏడాది మరమ్మతు డబ్బు ముందే పక్కన పెట్టడం

గత పాఠంలో ఇచ్చిన పని చేసి ఉంటే మీ నోటు పుస్తకంలో ఈపాటికి మూడు పేజీలు నిండి ఉండాలి. బోటు మీద ఉన్న వస్తువులన్నీ, ఏది ఎప్పుడు కొన్నారో, ఎంతకు కొన్నారో. చేయనివాళ్లు ఇక్కడే ఆగి ఆ పని చూసుకుని రండి. ఇవాళ్టి లెక్కంతా ఆ పేజీల మీదే నడుస్తుంది.

డీజిలు, ఐసు, కలాసీల తిండి ఈ పాఠంలోకి రావు. అవి వేట ఖర్చులు, రెండో పాఠంలో అయిపోయాయి. ఇవాళ మాట్లాడుకునేవి వేటకు వెళ్లినా మానినా బోటు అడిగే ఖర్చులు.

ముందు ఒక మాట తేల్చుకుందాం. చేపలమ్మిన డబ్బులోంచి డీజిలు, ఐసు తీసేశాక మిగిలింది వాటాలు వేస్తాం. బోటుకింత, వలకింత, మనిషికింత. ఎంతకెంత అన్నది ఊరూరికీ మారుతుంది, ఆ గొడవ మనకొద్దు. బోటు పేరున తీసిన వాటా ఎక్కడికి వెళ్తుంది? ఓనరు జేబులోకి. అక్కణ్నుంచి ఇంట్లోకి, పిల్లల ఫీజుల్లోకి, సంక్రాంతి బరుల్లోకి. ఏప్రిల్‌లో బోటు గట్టెక్కాక రంగు డబ్బాకి కూడా షావుకారు గుమ్మం తొక్కాల్సి వస్తుంది. సంపాదన తక్కువై ఇలా జరిగే ఇళ్లు లేకపోలేదు. కానీ చాలాచోట్ల బోటు వాటాను బోటుకి ఇవ్వకపోవడం వల్లే జరుగుతుంది. కలాసీ వాటా ఎగ్గొడితే మర్నాడు పనిలోకి రాడు, మనకి వెంటనే తెలుస్తుంది. బోటు మాత్రం రెండేళ్లు ఊరుకుని మూడో ఏడు మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఇంజిను ఆపేస్తుంది.

ఎంత పక్కన పెట్టాలంటే, సరదాకి పడవలు కొనుక్కునే దేశాల్లో ఒక బండ లెక్క చెప్పుకుంటారు: పడవ ధరలో పది శాతం ఏడాదికి మరమ్మతులకి పోతుందని. మనకది పనికిరాదు. పదేళ్ల పాత బోటు సగం ధరకి దొరికిందనుకోండి. ఆ లెక్కన మరమ్మతు ఖర్చూ సగమే అవ్వాలి. నిజానికి పాత బోటే ఎక్కువ తింటుంది. అదీకాక వాళ్ల పడవకి వలలుండవు, మనకి వలే పెద్ద ఖర్చు. అందుకని ధర జోలికి పోకుండా ఒక్కో వస్తువుకీ లెక్క కడదాం.

ఉదాహరణకి ఒక ఫైబరు బోటు, దానికి పది హార్స్‌పవరు డీజిలు ఇంజిను, గిల్లు వలలు అనుకుందాం. కింది అంకెలు లెక్క నేర్పడానికి వేసుకున్నవే. మీ రేవులో ధరలు మీవి, అవే రాసుకోండి.

మొదటి గడి, ప్రతి ఏడాదీ తప్పనివి:
అడుగు గీకి రంగు వేయడం – 9,000
ఇంజిను ఆయిలు, ఫిల్టర్లు, చిల్లర సామాను – 8,000
ఫైబరు అతుకులు – 5,000
తాళ్లు, వలని తేల్చే బెండ్లు, ముంచే గుళ్లు, వల బాగుచేత – 18,000
లైసెన్సు, బీమా, కాగితాలు – 4,000
మొత్తం 44,000.

ఈ గడి అందరూ రాస్తారు. తేడా వచ్చేది రెండో గడిలో. అక్కడ కొన్నేళ్లకోసారి వచ్చేవి ఉంటాయి. వస్తువు ధరని అది బతికే ఏళ్లతో భాగిస్తే ఏడాది వంతు వస్తుంది. ఇంజిను 90,000, ఆరేళ్లు వస్తుందనుకుంటే ఏడాదికి 15,000. మధ్యలో ఒకసారి ఇంజినుకి బోరింగు పని (అరిగిన సిలిండరును సరిచేయడం) 18,000, దాన్నీ ఆరేళ్లకి పరిస్తే 3,000. బ్యాటరీ, లైట్లు, జీపీఎస్, లైఫ్ జాకెట్లు కలిపి 24,000, నాలుగేళ్లు, ఏడాదికి 6,000. బోటు 2,40,000, పన్నెండేళ్లు, ఏడాదికి 20,000. వలలు 1,20,000, మూడేళ్లు, ఏడాదికి 40,000. కూడితే 84,000.

చూశారా, తప్పనివనుకున్న 44,000 కంటే కంటికి కనబడని ఈ గడి దాదాపు రెట్టింపు ఉంది. ఈ ఏడాది ఇంజిను కొనడం లేదు కదా అని దీన్ని సున్నా వేసినవాడు ఆరో ఏట 90,000 ఒక్కసారిగా తేవాలి.

మూడో గడిలో చెప్పకుండా వచ్చేవి. మొగ దగ్గర మేట వేసిన ఇసుకకి బోటును నెట్టే ఫ్యాను తగిలి రెక్క వంగడం, రాత్రి వేరే బోటు మన వల మీంచి పోవడం, తుపాను. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. 1996 నవంబరు 6 సంగతి కోనసీమలో ఒకరు చెప్పక్కర్లేదు. గాలివాన ఏ ఏడు వస్తుందో తెలియదు గానీ, వస్తే అక్టోబరు, నవంబరుల్లోనే ఎక్కువ, అంటే జూన్‌లో వేటతోపాటే మొదలైన మన పొదుపుకి నాలుగైదు నెలల వయసు ఉన్నప్పుడు. ఈ గడికి 22,000 వేద్దాం. పై రెండు గడులూ కలిపి 1,28,000, దీంతో 1,50,000.

బీమా ఉందిగా, మూడో గడి ఎందుకని కొందరంటారు. కేంద్రం పీఎంఎంఎస్‌వై (ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన) కింద ఇచ్చే గ్రూపు ప్రమాద బీమాలో మనిషి పోయినా, పూర్తిగా అంగవైకల్యం వచ్చినా 5 లక్షలు వస్తాయి. అది మనిషికి. బోటు బద్దలైతే అందులోంచి రూపాయి రాదు. బోటుకి విడిగా పాలసీ తీసుకుంటేనే ఆ మాట, దాన్లో ఏది కవరవుతుందో ఆరో పాఠంలో చూద్దాం.

ఇప్పుడు బోటు అడుగు సంగతి కాస్త నిలబడి మాట్లాడుకుందాం. ఎక్కువ డబ్బు వృథా అయ్యేదీ, మిగిలేదీ అక్కడే.

ఎండాకాలంలో ధవళేశ్వరం బ్యారేజీ దిగువకి నీళ్లు దాదాపు రావు. సముద్రం పోటు పాయల్లోకి ఎక్కి నీళ్లు ఉప్పగా మారతాయి. గుల్లలు పట్టేదీ, కొయ్య నావైతే తొలిచే పురుగు పనిచేసేదీ ఆ ఉప్పునీళ్లలోనే. జులై నుంచి వరద ఎర్రనీళ్లు దిగితే పాయలు తియ్యనవుతాయి, ఆ బాధ తగ్గుతుంది. కాబట్టి ఏడాదికి ఒక్కసారే రంగు వేసే స్తోమతుంటే, జూన్‌లో వేట విరామం ముగిసే ముందు వేసిన రంగులో కొంత వరద నెలల్లో ఊరికే పోతుంది. జనవరి, ఫిబ్రవరిలో ఒక పూట పాటుకి (సముద్రం నీళ్లు వెనక్కి తీసినప్పుడు) బోటును ఇసుక తిన్నె మీద నిలబెట్టి అడుగు గీకడం చేయండి. ఖర్చు ఇద్దరు మనుషుల కూలీ, వచ్చే లాభం డీజిల్లో కనిపిస్తుంది. గుల్లలు పట్టిన బోటు అంతే దూరానికి ఎక్కువ తాగుతుంది. మీ రెండో పాఠం పేజీల్లో డిసెంబరు డీజిలునూ మార్చి డీజిలునూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

కొయ్య నావ ఉన్నవాళ్లకి ఇదే పని ఇంకా పెద్దది. కోరంగి, తాళ్లరేవు వైపు ఒకప్పుడు సముద్రాలు దాటే ఓడలే కట్టారు గానీ ఇప్పుడు నావ పని తెలిసిన వడ్రంగి దొరకడమే కష్టం. సందుల్లో నూలు దట్టించడం, గుగ్గిలం, జీడిపిక్కల నూనె, మేకులు, కూలీ, ఇవన్నీ మొదటి గడిలో విడివిడిగా రాయండి. 'వడ్రంగి పని' అని ఒక ముక్కలో రాస్తే వచ్చే ఏడు దేని ధర పెరిగిందో తెలియదు.

ఫైబరు పనికి కాలం ముఖ్యం. రెజిను గట్టిపడాలంటే బోటు ఒళ్లు పొడిగా ఉండాలి. చినుకులు మొదలయ్యాక జూన్ రెండో వారంలో హడావుడిగా అంటించిన ఫైబరు గుడ్డ ఆరునెలలకే పైకి లేస్తుంది. పగులుని లోపలి దాకా అరగదీసి, ఆరబెట్టి, అప్పుడు గుడ్డ వేయాలి. పైన పుట్టీ రాసి రంగు కొడితే కంటికి బాగుంటుంది, నీళ్లు మాత్రం లోపల వాటి పని అవి చేసుకుంటాయి. అలాంటి అతుకుకి పెట్టిన 2,000 నా దృష్టిలో మరమ్మతు పద్దులో రాయకూడదు, అలంకారం పద్దులో రాయాలి.

మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. మరబోట్లూ ఇంజిను బిగించిన బోట్లూ అన్నీ ఒకేసారి ఒడ్డున పడతాయి. కాలవలు కట్టేసినప్పుడే లాకుల పనులు చేసుకున్నట్టు మనమూ అప్పుడే మరమ్మతులు చేసుకుంటాం. అందరిదీ ఒకటే కాలం కాబట్టి మే ఆఖరుకి మెకానిక్కూ దొరకడు, ఫైబరు మేస్త్రీ దొరకడు, దొరికినా అడిగినంత ఇవ్వాలి. బరువైన బోటుకైతే ఇంకో చిక్కు. అమావాస్యకో పున్నమికో వచ్చే పెద్ద పోటు మీదే గట్టెక్కించాలి, అది తప్పితే మళ్లీ రెండు వారాలు ఆగాలి. ఏప్రిల్ 15 తర్వాత వచ్చే మొదటి పెద్ద పోటుకే ఎక్కించేస్తే మే నెలంతా ఎండ మీ చేతిలో ఉంటుంది. అలా ఎక్కించాలంటే ఏప్రిల్ 14 నాటికి చేతిలో డబ్బుండాలి. అందుకే మనం ఏడాది లెక్కని జనవరి నుంచి డిసెంబరుకి రాయం. జూన్ 15న మొదలుపెట్టి ఏప్రిల్ 14కి ముగిస్తాం.

విరామానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సాయం 2025లో 10,000 నుంచి 20,000కి పెరిగింది. యానాం వాళ్లకి పుదుచ్చేరి ప్రభుత్వం ఇచ్చేది వేరు. ఎక్కడిదైనా అది ఆ రెండు నెలల ఇంటి బియ్యానికి. దాన్ని బోటు పద్దులో జమ రాయకండి.

ఇక భాగహారం. 1,50,000ని ఎంతతో భాగించాలి? 365తో భాగిస్తే రోజుకి 411. చిన్న మొత్తమే అనిపిస్తుంది, అదే మోసం. నిషేధం తీసేస్తే 304 రోజులు. వాటిలో గాలి రోజులు, పండగలు, పెళ్లిళ్లు, ఇంజిను పడకేసిన రోజులు పోగా నిజంగా వేటకెళ్లేవి ఎన్ని? మీ పుస్తకంలో లెక్కపెట్టండి. మన ఉదాహరణకి 150 అనుకుందాం. 1,50,000ని 150తో భాగిస్తే వేటకి 1,000. రోజుకి 411 చాలనుకుని వెళ్లినప్పుడల్లా అంతే తీసినవాడి దగ్గర ఏడాది చివర 61,650 ఉంటుంది. సగం కూడా కాదు.

ప్రతి వేటకీ వెయ్యి తీయడం మాత్రం ఎవరివల్లా కాదు. ఖాళీ వలతో వచ్చిన రోజు వెయ్యి ఎక్కణ్నుంచి తెస్తాం? అందుకని దాన్ని వాటాగా మార్చుకోండి. పోయినేడు బోటు వాటా మొత్తం 4,50,000 వచ్చిందనుకుంటే 1,50,000 అందులో మూడో వంతు. ఇక ప్రతిసారీ బోటు వాటాలో మూడో వంతు తీయడమే. 6,000 వచ్చిన రోజు 2,000, 900 వచ్చిన రోజు 300, ఏమీ రాని రోజు ఏమీ లేదు. నెలాఖరున మాత్రం వేటల సంఖ్యని వెయ్యితో హెచ్చవేసి పక్కన పెట్టినదానితో సరిచూడండి. జులై, ఆగస్టుల్లో రొయ్య బాగా పడితే లెక్కకి మించి ఉంటుంది. ఆ మిగులు చూసి చెయ్యి చాపకండి, డిసెంబరు దాన్ని తినేస్తుంది.

మీ బోటుకి మూడో వంతు చాలక సగం తీయాల్సి వస్తోందా? అప్పుడు సమస్య పొదుపులో లేదు. ఆ బోటు ఆ వేటకి సరిపోవడం లేదన్నమాట, దాన్ని పదో పాఠంలో తేల్చుకుందాం.

డబ్బు ఎక్కడ దాచాలి? చేపలమ్మేదీ డబ్బు లెక్క చూసేదీ మన ఇళ్లలో ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్ల పేరున విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరిచి, ఏటీఎం కార్డు తీసుకోకుండా ఉంటే చాలు. చీటీ పాటలో వేయకండి. పాడుకునే నెల మన చేతిలో ఉండదు, బోటు అవసరం మాత్రం ఏప్రిల్‌కే వస్తుంది. బంగారం కొని పెడతామనేవాళ్లూ ఉన్నారు. ఆ గొలుసు ఏప్రిల్‌లో తాకట్టుకి వెళ్తే వడ్డీ కట్టేది మళ్లీ మనమే.

దాచకపోతే ఎంత పోతుందో కూడా కడదాం. నూటికి మూడు రూపాయల వడ్డీకి 60,000 తెస్తే నెలకి 1,800. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఆరు నెలలకి 10,800. మన ఉదాహరణలో అడుగు గీకి రంగు వేయడానికయ్యే 9,000 కంటే అదే ఎక్కువ. పైగా సరుకు ఆ షావుకారుకే, ఆయన చెప్పిన రేటుకే వేయాలి, ఆ నష్టం ఈ లెక్కలో లేదు. తప్పక అప్పు చేయాల్సి వస్తే మత్స్యకారులకీ వర్తించే కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది. గడువులోగా తీరిస్తే ఏడాదికి నాలుగు శాతం. అదే 60,000కి ఆరు నెలలకి 1,200. కార్డుకి దరఖాస్తు మాత్రం ఏప్రిల్‌లో చేస్తే అప్పటికి పని అవ్వదు, శీతాకాలంలోనే పెట్టండి.

ఈ వారం పని. కొత్త పేజీలో మూడు గడులు గీసి, మొదటి గడిలో పోయినేడు నిజంగా పెట్టిన ఖర్చులు, రెండో గడిలో వస్తువు, ధర, ఏళ్లు, ఏడాది వంతు, మూడో గడిలో గత మూడేళ్లలో చెప్పకుండా వచ్చినవన్నీ కూడి మూడుతో భాగించింది రాయండి. ఇంజినుకి ఎన్నేళ్లో తెలియకపోతే మెకానిక్‌ని అడగండి, అమ్మినవాణ్ని అడగొద్దు. ఆయిలు ఎన్ని గంటలకి మార్చాలో ఇంజినుతో ఇచ్చిన పుస్తకంలోంచి ఎక్కించండి. మొత్తాన్ని మీ వేటల సంఖ్యతో భాగించి వేటకి ఎంతో రాసుకోండి, అదే మొత్తం పోయినేటి బోటు వాటాలో ఎన్నో వంతో తేల్చండి.

మీకు వచ్చిన అంకె మరీ చిన్నదిగా ఉంటే వల ఎన్నేళ్లు వస్తుందని రాశారో మరోసారి చూడండి. ఎక్కువమంది అక్కడే ఒకటి రెండేళ్లు కలిపి రాస్తారు.